చేపవాసన

మా క్లాక్స్‌విక్‌లో గాలికి తలుపు తట్టే అలవాటు లేదు.
రేవులోంచి లేచి నేరుగా వంటింట్లోకే వస్తుంది,
పెరట్లో గొర్రెమాంసం వేలాడదీసిన చెక్కగది సందుల్లోంచి దూరి
ఆ ఘాటంతా మోసుకుని.
ఆ మాంసానికి ఉప్పు పెట్టం, పొగ పెట్టం.
ఏడెనిమిది నెలలు గాలే వండుతుంది.
లోపల కంటికి కనబడని కత్తెరలేవో
పొడుగాటి పోగుల్ని తుంచి తుంచి రుచి చేస్తాయి.
మా అమ్మ దాన్ని కుళ్ళు అననిచ్చేది కాదు.
మాగడం అనేది.

నా తమ్ముడు హొగ్ని మాగే దాకా ఉండలేదు.
పంతొమ్మిదేళ్ళు.
జ్వరమొచ్చి రెండ్రోజులు తిండి ముట్టలేదు,
మూడో పొద్దున లేవలేదు.
పీలమనిషేం కాదు, దిట్టం.
వాడి కోటు ఇప్పటికీ నన్ను రెండు చుట్లు చుడుతుంది.
"గుండె" అన్నాడు డాక్టరు.
గుండెకేమైందని మా నాన్న అడిగితే
చేతిసంచీ మూసుకున్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత
నా చంటిదాని మడమ మీద పొడిచి తీసిన
ఒక్క నెత్తుటిబొట్టు
మా నాన్న అడిగినదానికి జవాబు పట్టుకొచ్చింది.
అప్పటికి నాన్న లేడు.

టోర్స్‌హావ్న్ ఆస్పత్రిలో బిర్నా అనే ఆమె
బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చి చూపించింది.
ఇదిగో కొవ్వు, పదహారు కార్బన్ల వరస.
అదిగో కణంలో కొలిమి.
మధ్యలో గోడ. దాన్ని కొవ్వు తనంతట తను దాటలేదు,
కార్నిటీన్ అనే పడవెక్కాలి.
దాటాక రెండేసి చొప్పున కోస్తారు,
ఏడు కోతలు, ఎనిమిది ముక్కలు.
"ఫ్యాక్టరీలో కాడ్ చేపను నువ్వు కోసినట్టే" అంది.
కాడ్‌ను అలా కోస్తే మేస్త్రీ నన్ను బయటికి నెడతాడు,
అయినా తలూపాను.
మీ పిల్లకి పడవలు నిలవవు, అంది.
కణాలు వాటిని లోపలికి రానివ్వవు,
మూత్రపిండాలు పట్టి ఉంచవు,
ఉచ్చలో కొట్టుకుపోతాయి.
మరి చక్కెరో?
కాలేయం దాచేది పిడికెడు.
మామూలు రాత్రికి చాలు.
జ్వరం రాత్రికి చాలదు.

నేను అగ్గిపుల్లల వంకే చూస్తున్నాను.
ఒక్కటీ వెలగలేదు.
హొగ్ని అప్పుడర్థమయ్యాడు నాకు:
సంద్రం నిండా చేపలుండగా
రేవులో ఒక్క పడవ లేక
పస్తులతో పోయిన ఊరు.

అప్పట్నుంచీ రాన్వాకి రోజుకు మూడుసార్లు మందు.
చెంచాలో ఒంపినంత సేపూ ఏదో లెక్కపెడతాను,
ఏమిటో నాకే తెలీదు.
ఒంటికి పట్టనిది పేగుల్లో మిగులుతుంది.
అక్కడి క్రిములు దాన్ని కొరికి
చేపవాసన చేసి పంపుతాయి,
చెమటలో, ఊపిరిలో.

పద్నాలుగేళ్ళు వచ్చాయి దానికి.
ఈతకొలను దగ్గర ఎవరో ముక్కు మూసుకున్నారట.
చేపల మీద బతికే ఊళ్ళో,
తండ్రుల బూట్లలో పొలుసులు దులిపే పిల్లలు!

నాకేమీ చెప్పలేదు.
ఒకరోజు పక్క సర్దుతూ దాని దిండు ఎత్తాను.
సబ్బు వాసన.
ఒట్టి సబ్బు.
నా కాళ్ళు చల్లబడిపోయాయి.
సీసా నిండుగానే తగ్గుతోంది, గుక్క గుక్కకీ,
సింకులోకి.
నాలుగు రోజులుగా.

తిట్టాలని నోరు తెరిచాను, మాట రాలేదు.
బీరువాలోంచి హొగ్ని కోటు తీసి దాని భుజాల మీద వేశాను.
మోకాళ్ళు దాటి వేలాడింది.
"ఇంత లావుండేవాడా మామయ్య?"
"ఇంత లావుండీ."
అంతకుమించి ఏమీ అనలేదు.
చాలాసేపు కూర్చుంది, గుండీలు పెడుతూ, తీస్తూ.
తర్వాత చెంచా అందుకుని
మొహం వికారంగా పెట్టి మింగింది.
"నువ్వు కంపు కొడుతున్నావమ్మా."
అప్పుడే షిఫ్టు దిగొచ్చాను, ఏప్రాన్ కూడా విప్పలేదు.
"నువ్వూ కొడతావులే, రేపటికి."

బిర్నా ఇంకోమాట కూడా చెప్పింది ఆనాడు.
కాలిన కొవ్వు బూడిద కాదట.
గాలీ నీళ్ళూ అయి
చాలామట్టుకు ముక్కులోంచే వెళ్ళిపోతుందట.

వారం తర్వాత, పొద్దున్నే,
ఇంకా పలహారం తినకముందు,
రాన్వా కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది.
అద్దం మసకబారింది.
ఆ మసక మీద వేలితో ఏదో రాసి,
నేను కాఫీ కప్పుతో దగ్గరికొచ్చేలోగా
కోటు చేత్తో తుడిచేసింది.
ఏ కుర్రాడి పేరో.